రెండు పక్షాలకూ ఒకే మొహం

మార్చి 2, ఆదివారం

కొత్త కార్యక్రమం ఈరోజు మొదలైంది. పేరు పెద్దదే: ‘భూమి వేడెక్కుతోంది, కారణం మనిషేనా?’ నాలుగు ఆదివారాలు, పొద్దున పూట గంటసేపు. ఒకాయన కాదంటాడు, ఒకావిడ అవునంటుంది. తెర మూలన గుండ్రటి కిటికీలో నిలబడి ఇద్దరి మాటలూ నేను సైగల్లో చెప్తాను. ఇలాంటి పనికి అనువాదకులు ఇద్దరుండాలి, కాసేపటికోసారి ఒకరి తర్వాత ఒకరు మారాలి. "ఈసారికి సర్దుకోండమ్మా" అన్నాడు ప్రొడ్యూసర్. నేను ఈ చానెల్లో చేరినప్పటి నుంచీ ఆయన అంటున్నది ఈ ముక్కే.

కాదనే ఆయన రిటైరైన ఇంజనీరు. తెల్లటి గుబురు మీసాలు, తీరికైన మాట. ఒక మాట చెప్పి, అది మన దగ్గరికి చేరిందో లేదో చూసుకుని రెండోది మొదలుపెడతాడు. మధ్యలో ఒక పిట్టకథ. నాలాంటి వాళ్ళకి అంతకంటే ఏం కావాలి. అవుననే ఆవిడ విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం చెప్తుంది. ఊపిరి తీసుకోదు. ఒక వాక్యం మొదలుపెట్టి, అందులో ఇంకో వాక్యం, దాని లోపల ఒక అంకె, ఆ అంకెకి ఒక షరతు. పైగా ఆయన ముందు మాట్లాడతాడు, ఆవిడ తర్వాత. ఆవిడ వంతు వచ్చేసరికి నా కుడి భుజం పని అయిపోయింది.

బాగానే చేశాను. ఆయన మాటలకైతే చేతులు వాటంతట అవే కదిలాయి.

మార్చి 3, సోమవారం

అక్క వీడియో కాల్ చేసింది. నిన్న వాళ్ళింట్లో కుట్టుపని ఆడవాళ్ళంతా కూర్చుని చూశారట. అందరూ అక్కలాగే పుట్టుకతో వినపడని వాళ్ళు. అప్పుడే ఇద్దరికీ సైగపేర్లు కూడా పెట్టేశారు. ఇంజనీరుగారు ‘మీసాలు’. శాస్త్రవేత్త ‘రైలు’.

వాళ్ళలో ఎవరికీ అసలు పేరుతో పని లేదు. మనిషిలో కనపడేదాన్ని పట్టుకుని ఒక సైగ చేస్తారు, ఇక జన్మంతా అదే. నాకు అక్క పెట్టింది, నేను నడక నేర్చే రోజుల్లో: బుగ్గ మీద వేలు ఆనించి ఒకసారి తిప్పడం. సొట్టబుగ్గ. ఇప్పుడా సొట్ట ముడతల్లో కలిసిపోయింది. పేరు మాత్రం వదల్లేదు.

కాల్ పెట్టేశాక ఒక విషయం తట్టింది. రైలు మాట వాళ్ళు వినలేదు. చూసింది నా చేతుల్నే. అంటే ఆవిడకి ఆ పేరు నా వల్ల వచ్చినట్టే. పోనీలే, చెడ్డ పేరేం కాదు.

మార్చి 6, గురువారం

భుజానికి మందు. మా ఆయన రాశాడు. "ఇంట్లో కూడా చేతులతోనే తిడతావు, వాటికింక విశ్రాంతి ఎక్కడిది?" అన్నాడు. చేతులతోనే జవాబు చెప్పాను.

మార్చి 9, ఆదివారం

రెండో వారం. ఈరోజు మీసాలు మంచు గురించి మొదలుపెట్టాడు. "ధ్రువాల దగ్గర మంచును లోతుగా తవ్వి తీస్తే అందులో లక్షల ఏళ్ళ గాలి ఉంటుంది. అది చూడండి. ముందు వేడి పెరిగింది, ఎన్నో వందల ఏళ్ళ తర్వాత బొగ్గుపులుసు వాయువు పెరిగింది. కొడుకు పుట్టాక తండ్రి పుడతాడా అండీ?" అన్నాడు. తండ్రి పొట్టలో ఉండగా కొడుకు మీసం మెలేస్తున్నట్టు చేసి చూపించాను. కెమెరామన్ నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు.

తర్వాత రైలు జవాబు. అప్పట్లో భూమి తిరిగే దారి కాస్త మారి వేడి మొదలైందని, వేడెక్కిన సముద్రాలు ఆ వాయువును వదిలాయని, ఆ వాయువు వేడిని ఇంకా పెంచిందని, ఇప్పుడైతే వాయువే ముందు వస్తోందని, అది ఎక్కడి నుంచి వస్తోందో కూడా... అప్పటికే ఆవిడ తర్వాతి వాక్యంలో ఉంది. ‘అప్పుడు వేరు, ఇప్పుడు వేరు’ అని చేసి ఊరుకున్నాను. సారాంశం అదే కదా.

ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు, ఇంతకీ ఎవరిది కరెక్టు అని. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. చెవిలోంచి చేతుల్లోకి పోయేదాంట్లో నా దగ్గర ఏమీ మిగలదు. నేనొక గొట్టాన్ని. గొట్టానికి అభిప్రాయాలు ఉండకూడదని శిక్షణలో మొదటి రోజే చెప్పారు.

బాగానే చేశాను.

మార్చి 14, శుక్రవారం

పౌర్ణమి. అక్క ఇంటికి వెళ్ళాను. వాన చుక్క లేదు, ఎండ మండిపోతోంది, వీధిలో మాత్రం మోకాలి కింద వరకు నీళ్ళు. సముద్రపు పోటు కాలవలోకి ఎగదన్ని అక్కడి నుంచి ఇళ్ళ మధ్యకి వస్తుంది. ఇదివరకు ఏడాదికి ఒకసారి వచ్చేది. ఇప్పుడు పౌర్ణమి అంటే ఆ వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడవడమే. అక్క గుమ్మం మీద చిన్న పీత ఒకటి అడ్డంగా పాకుతోంది. కుట్టు మిషన్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు.

మున్సిపాలిటీ వాళ్ళు ఎత్తు మీద కొత్త ఇళ్ళు కట్టి, ఈ వీధి వాళ్ళని రమ్మంటున్నారు. వచ్చేదీ లేనిదీ నెలాఖరు మీటింగులో చెప్పాలి. చెప్పకపోతే ఆ ఇళ్ళు వేరే వాళ్ళకి పోతాయి. అక్క ఏమంటే కుట్టుపని వాళ్ళంతా అదే అంటారు.

"మేం రావట్లేదు" అంది అక్క. చేతులు ఖచ్చితంగా ఉన్నాయి.

"అదేంటక్కా, పోయిన నెల చూద్దాం అన్నావుగా?"

"మీసాలు చెప్పాడు కదే. ఇది వస్తుంది, పోతుంది. సూర్యుడు కొన్నాళ్ళు ఎక్కువ మండుతాడు, కొన్నాళ్ళు తగ్గుతాడు. అమ్మమ్మ చిన్నప్పుడు కూడా నీళ్ళొచ్చాయట, మళ్ళీ పోయాయట. తగ్గే నీళ్ళకి భయపడి ఇల్లు వదులుకుంటామా?"

"రైలు కాదందిగా."

"రైలా? ఆవిడకే నమ్మకం లేదు. ఏదో నసిగింది."

నేను ఏమీ అనలేదు. అనడం నా పని కాదు.

బావ పోయాక అక్క ఆ ముందు గదిలో మిషన్లు పెట్టింది. మూడు వైపులా కిటికీలు. వాళ్ళు పని చేస్తూ కబుర్లు చెప్పుకోవాలంటే వెలుతురు ఉండాలి, వెలుతురు పోతే వాళ్ళకి మాట పోతుంది. ఆ గదిని వదలమంటే అక్క ఏ వంకైనా పట్టుకుంటుంది. ఆ వంక మీసాలు ఇచ్చాడు. మీసాలే ఇచ్చాడు.

మార్చి 15, శనివారం

కారణం సూర్యుడైతే నీళ్ళు తగ్గుతాయి, ఉండిపోవచ్చు. కారణం మనుషులైతే తగ్గవు, వెళ్ళిపోవాలి. అక్క లెక్క ఇంతే. టీవీలో వాళ్ళు భూగోళం గురించి వాదించుకుంటున్నారు. నాకు మాత్రం అక్క గుమ్మం కనపడుతోంది.

మార్చి 16, ఆదివారం

మూడో వారం. బాగానే చేశాను.

అలా రాసి పెన్ను మూత పెట్టాను. మళ్ళీ తీశాను. పైన, చాలా ఎత్తున ఉండే గాలి గురించి రైలు ఏదో చెప్పింది. కింద వేడెక్కుతోంది, పైన ఇంకేదో అవుతోంది అంది. అదే ముఖ్యమన్నట్టు బల్ల మీద వేలితో కొట్టింది కూడా. నేను వదిలేశాను. విరామం ముందు టైం లేదు, చెయ్యి లేవలేదు. ఎవరైనా వదిలేస్తారు.

మార్చి 17, సోమవారం

సాయంత్రం అక్క పిలిపించింది. ఎదురుగా కూర్చోబెట్టి, నిన్నటి కార్యక్రమం ఫోన్‌లో పెట్టి నా చేతికిచ్చింది. నన్ను నేను చూసుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఎప్పుడూ చూసుకోలేదు కూడా.

"మీసాలు మాట్లాడుతున్నప్పుడు చూడు. పెళ్ళి భోజనం చేస్తున్నట్టున్నావు" అంది అక్క. తర్వాత వేలితో ముందుకు జరిపింది. "ఇది రైలు. పన్ను నొప్పితో ఉన్నట్టున్నావు."

"భుజం నొప్పక్కా అది. ఆవిడ వంతు వచ్చేసరికి చెయ్యి లేవదు."

"నాకు నీ భుజం నొప్పి కనపడదే. మొహం కనపడుతుంది. నా కళ్ళ ముందు పెరిగినదానివి, నీ మొహం నాకు తెలియదా? ఆవిడ చెప్పేది నీకే నమ్మబుద్ధి కావట్లేదు. నువ్వు నమ్మనిదాన్ని మేమెలా నమ్ముతాం?"

"నా నమ్మకంతో పనేంటక్కా, నేను వాళ్ళ మాటలు మోస్తానంతే."

"మోసేటప్పుడు సగం పారబోశావు" అంది.

ఇంటికొచ్చాక తలుపేసుకుని ఆ వీడియో మొత్తం చూశాను. అక్క అన్నది తక్కువే. మీసాలాయన చిన్న చిన్న చమత్కారాలు కూడా నా చేతుల్లో వెలిగిపోయాయి. ఆవిడ రుజువులు ఒకదాని మీద ఒకటి చెప్తుంటే నేను కళ్ళు చికిలించి, పెదవులు బిగించి, నాలుగింటిలో ఒకటి అందిస్తున్నాను. ఇద్దరు వాదించుకుంటున్నారని ఊరంతా అనుకుంటోంది. అక్క వాళ్ళకి కనపడింది ఒక్క మనిషే. ఆ ఒక్క మనిషే తనతో తను వాదించుకుంది, ఒక వైపు హుషారుగా, ఒక వైపు ఏడుపుగొట్టు మొహంతో.

సిగ్గేసింది. ఎవరి మీదో కోపం కూడా వచ్చింది. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కదానితో చేయించిన ప్రొడ్యూసర్ మీద అనుకుందాం.

మార్చి 18, మంగళవారం

నా నీరసం కూడా ఒక అభిప్రాయంలా కనపడుతుందని ఈ వయసులో తెలిసింది.

మార్చి 20, గురువారం

రైలు దగ్గరికి వెళ్ళాను. చివరి వారం చెప్పబోయేది ముందుగా అడిగి తెలుసుకోవచ్చు, అది అనువాదకుల హక్కు. ఇన్నేళ్ళలో ఎంతమందిని అడిగాను? ఎవరినీ అడగలేదు.

గది నిండా పుస్తకాలు, ఒక పాత ఫ్యాను. ఆవిడ చెప్పుల్లోంచి వాచిన పాదాలు బయటికి తీసి కూర్చుని ఉంది. దగ్గర నుంచి చూస్తే రైలులా లేదు, రైలు కోసం ఎంతోసేపు కాచుకున్న మనిషిలా ఉంది.

"ఆదివారం చెప్పేదంతా నాకిప్పుడు చెప్పండి మేడం. నెమ్మదిగా."

నవ్వింది. "నెమ్మదిగా చెప్తే నా టైం అయిపోతుందమ్మా. ఆయన సూర్యుడు అని ఒక్క మాట అనేసి హాయిగా కూర్చుంటారు. ఆ ఒక్కదాన్ని విప్పడానికి నాకు పది కావాలి. ఎప్పటి నుంచో అవే ప్రశ్నలు, అవే జవాబులు. ఒక్కోసారి మధ్యలో నాకే ఆవలింత వస్తుంది."

"పైన గాలి గురించి ఏదో అన్నారు పోయిన వారం."

"అదా? మీకు గుర్తుందా?" ఆవిడ మొహం ఒక్కసారి మారింది. కుర్చీ మీద ఉన్న శాలువా తీసి ఒళ్ళో కప్పుకుంది. "సూర్యుడే ఎక్కువ మండుతుంటే కింద గాలి, పైన గాలి, రెండూ వేడెక్కాలి కదా. కానీ కింద వేడెక్కుతోంది, చాలా ఎత్తున చల్లబడుతోంది. అంటే మంట పెరగలేదు, ఈ శాలువాలా భూమి మీదున్న వాయువుల కప్పు మందమైంది. వేడి కిందే ఆగిపోతోంది. పైగా సూర్యుణ్ణి కొన్ని దశాబ్దాలుగా ఉపగ్రహాలు కొలుస్తున్నాయి, అలాంటి పెరుగుదల ఏమీ లేదు."

"కప్పు మనమే మందం చేశామని ఎలా తెలుసు?"

"బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ళు నేలలో ఉన్నవి. వాటిని కాల్చిన పొగలో కర్బనానికి ఒక గుర్తు ఉంటుంది, చెట్ల నుంచో సముద్రం నుంచో వచ్చినదానికి అది వేరుగా ఉంటుంది. గాలిలో ఆ గుర్తు ఏటేటా పెరుగుతోంది."

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. నేను మోసుకుపోవడానికి కాక, అర్థం చేసుకోవడానికి విన్నాను.

న్యాయంగా ఉండాలి కాబట్టి మీసాలాయనకీ ఫోన్ చేశాను. "నా మాటలు నీకెప్పుడూ కష్టం కాదు కదమ్మా" అన్నాడు ఆప్యాయంగా. అన్నీ వివరంగా చెప్పాడు. మంచివాడే. "ఉత్తపుణ్యానికి జనం బెదిరిపోకూడదని నా తాపత్రయం" అన్నాడు.

"పైన గాలి చల్లబడుతోందంటే మీరేం జవాబిస్తారు సార్?" అని అడిగాను. సిద్ధం కావడానికే అడిగానని అనుకున్నాను.

"దానికి చాలా కారణాలుంటాయమ్మా. టీవీలో అంత లోతుకి ఎవరు పోతారు?"

మార్చి 23, ఆదివారం

చివరి వారం. పొద్దున్నే అద్దం ముందు రెండు పక్షాలూ సాధన చేసుకుని వెళ్ళాను. భుజానికి వేడి కాపడం పెట్టుకున్నాను. రైలు నిజంగానే నెమ్మదించింది, కనీసం ప్యాసింజరు బండి అంత. ఆవిడ మాటల్లో ఒక్కటీ నా చేతుల్లోంచి జారలేదు. మీసాలాయన పిట్టకథ కూడా జారలేదు. ఇద్దరికీ ఒకే శ్రద్ధ, ఒకే ఊపు.

ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ చేయలేదు. అక్క కాల్ కోసం చూస్తున్నాను.

చేయలేదు.

మార్చి 24, సోమవారం

నేనే చేశాను.

"నిన్న నటించావు" అంది.

"ఇద్దరికీ ఒకేలా చేశానక్కా!"

"అదే అంటున్నాను. మూడు వారాలు ఒక మొహం, నిన్న ఇంకో మొహం. మధ్యలో నేను నిన్ను అన్నాను. నన్ను ఆ ఇంట్లోంచి కదపాలని అంతా సాధన చేసుకుని వచ్చావు. తెలియదనుకోకు."

సాధన చేసిన మాట నిజం. కదపాలని ఉన్న మాటా నిజం. తప్పు చేసినప్పుడు నమ్మింది, ఒప్పు చేస్తే నమ్మట్లేదు.

మార్చి 25, మంగళవారం

రాయాలని లేదు.

మార్చి 27, గురువారం

ఇవాళ కూడా లేదు. పార్లమెంటు వార్తలు, క్రికెట్టు, వాతావరణం. గొట్టం పని గొట్టం చేసింది.

మార్చి 29, శనివారం

అమావాస్య. మధ్యాహ్నానికే అక్క ముందు గదిలోకి నీళ్ళొచ్చాయని ఫోటో పంపింది. పరిగెత్తాను. మిగతా వాళ్ళు తమ ఇళ్ళల్లో తమ సామాన్లు ఎత్తుకునే పనిలో ఉన్నారు. గుడ్డల మూటలు అక్కా నేనూ మంచం మీదికి చేరవేశాం. సగం కుట్టిన బొంత ఒకటి మిషన్ మీదే ఉండిపోయింది. ఇటుకలు తడిశాయి, మిషన్లు తడవలేదు, ఈసారికి.

ఇద్దరం మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. కింద నీళ్ళు, మూడు కిటికీల్లోంచి మంచి వెలుతురు. మీటింగు రేపే. అక్క తడిసిన చీర అంచు పిండుకుంది. తర్వాత నా మోకాలు తట్టింది.

"మీసాలు ఏమన్నాడో నాకు తెలుసు. రైలు ఏమందో తెలుసు. నువ్వేమనుకుంటున్నావు?"

చిన్నప్పటి నుంచీ అక్క తరఫున, అక్క కోసం, ఎంతమంది మాటలు మోశానో. డాక్టరు మాట, హెడ్మాస్టరు మాట, పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళ మాట, బావ పోయిన రోజు ఆస్పత్రి వాళ్ళ మాట. అన్నీ నా చేతులే చెప్పాయి. వాటిలో నాది ఒక్కటీ లేదు. అక్క అడగలేదు, నేను చెప్పలేదు.

మిషన్ మీది బొంత తీసుకొచ్చి అక్క ఒళ్ళో కప్పాను. "లోపల చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందా? ఇంకో పొర కుడితే లోపల వేడి పెరుగుతుంది, బొంత పై భాగానికి తగిలే వేడి తగ్గుతుంది. భూమికి అదే అయింది. సూర్యుడు ఎక్కువై ఉంటే లోపలా పైనా రెండూ కాలాలి. పైన చల్లబడుతోంది అక్కా. కొలిచారు."

అక్క బొంత కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "ఆ పొర ఎవరు కుట్టారు?"

"మనమే. బొగ్గు, పెట్రోలు తగలేసి. ఈ వీధిలో ఎవరి కుట్టు ఎవరిదో నువ్వు గుర్తుపడతావు కదా, పొగలో ఉన్నది ఎక్కడిదో కూడా అలా గుర్తుపడతారట. అమ్మమ్మ కాలంలో వచ్చి పోయిన నీళ్ళు వేరు. ఇవి పోవక్కా. పెరుగుతాయి."

"ఇది రైలు మాట."

"ఆవిడ నేర్పింది. మాట నాది." ఇక చేతులు ఆగలేదు. "నువ్విక్కడ ఉంటే నాకు భయంగా ఉంది. పౌర్ణమి వస్తే నిద్ర పట్టట్లేదు. నీళ్ళొస్తున్నాయని ఎవరో కేకేస్తారు, నీకు వినపడదు. నా భయం నువ్వు రానన్న రోజే చెప్పాల్సింది. చెప్పడం నా పని కాదనుకున్నాను."

అక్క నా మొహంలోకి చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి తలతిప్పబోతే గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. చాలాసేపు చదివింది. తర్వాత బొంతతో నా కళ్ళు తుడిచింది. కస్టమర్ల బొంత అది, మళ్ళీ ఉతకాలి.

మార్చి 30, ఆదివారం

ఉగాది అయినా మున్సిపాలిటీ హాల్లో మీటింగు పెట్టారు. మాట చెప్పడానికి నేనే. అక్క తరఫున మాట్లాడేటప్పుడు ‘ఆవిడ అంటోంది’ అనకూడదు, అక్కే మాట్లాడుతున్నట్టు ‘నేను’ అనాలి. నియమం అది.

ఆఫీసరు చల్లారిన టీ పక్కన పెట్టుకుని విసుగ్గా కూర్చున్నాడు. అక్క లేచి నిలబడి చేతులెత్తింది. "మేం వస్తాం. కానీ కుట్టు గదికి పెద్ద కిటికీలు కావాలి. వెలుతురు లేకపోతే మాకు మాటలుండవు" అని నేను పైకి చెప్పాను.

వెనక కూర్చున్న ఆడవాళ్ళ చేతులు ఒక్కసారిగా లేచాయి. వస్తామని ఎప్పుడన్నాం? ఎవరు చెప్పారు నీకు? మీసాలా, రైలా?

అక్క వాళ్ళ వైపు తిరిగింది. బుగ్గ మీద వేలు ఆనించి ఒకసారి తిప్పింది.

చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ నా వైపు చూశారు.

"ఏమంటున్నారు?" అన్నాడు ఆఫీసరు.

"మా చెల్లెలు చెప్పింది" అన్నాను. నియమం.

"మొన్నటిదాకా రామన్నారు కదమ్మా. చెల్లెలు చెప్తే మారిపోతారా? ఆవిడేమన్నా శాస్త్రవేత్తా?"

అది కూడా అక్కకి చేతులతో అందించాను, ఆ వెటకారంతో సహా. అక్క నవ్వింది. నన్నే చూస్తూ జవాబు చెప్పింది. అది పైకి చెప్పాల్సింది నేనే. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. నీళ్ళు తాగి, చివరికి ముక్కకి ముక్క చెప్పాను, ఏదీ వదలకుండా:

"కాదండీ. ఇన్నేళ్ళూ అందరి మాటలూ మోసింది. ఇది దాని సొంత మాట, మొదటిది. నేను నమ్మాను."